ముందు అక్కకి

పెడనలో కలంకారీ షెడ్ల వెనక వీధిలో సాయంత్రాలు ఒకే వాసన ఉంటుంది. కరక్కాయ నీళ్ళ వాసన, ఉడికిన రంగు వాసన, తడిబట్టల వాసన అన్నీ కలిసిపోయి. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళు మొదట్లో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటారు, పోనుపోను అలవాటైపోతుంది. లక్ష్మీదుర్గకీ అలాగే అలవాటైంది. ఆ ఇంట్లో ఆమెకి అలవాటు కానిది ఒక్కటే, హాల్లో చెక్క అరమీద ఫొటోలో ఉన్న మనిషి.

ఆ మనిషి ప్రసన్నలక్ష్మి, దుర్గ మొగుడు గణపతికి మొదటి భార్య. స్వయానా మేనమామ కూతురు. చిన్నప్పట్నుంచీ "బావా, బావా" అంటూ అతని వెనకాలే తిరిగి, అతన్నే కట్టుకుని, అతను పనిచేసే షెడ్డులోనే బట్టలమీద అచ్చులు వేస్తూ, ఒక వానాకాలం డెంగ్యూ జ్వరంతో చనిపోయింది. ఏడాది తిరిగాక పెద్దవాళ్ళు గణపతిని ఒప్పించి, దివిసీమలో నాగాయలంక నుంచి దుర్గని చేసుకొచ్చారు. దుర్గ మంచి పిల్లే. చురుకైంది, పని చేతబట్టిందంటే వదలదు. ఇంట్లోనే కూచుని చీరలకి ఫాల్స్ కుట్టేది. నోరు కాస్త ఎక్కువ, అది ఆమె పుట్టింటివాళ్ళు కూడా ఒప్పుకునే సంగతే.

అత్తగారు సత్యవతమ్మది ఒకటే పట్టు. ముత్తయిదువుగా పోయిన కోడలు ఇంటికి పేరంటాలు, ఆవిడకి పెట్టకుండా కొత్తది ఏదీ ముట్టుకోకూడదు. చీర కొన్నా, గాజులు కొన్నా, దువ్వెన కొన్నా సరే, పసుపు కుంకుమతో ఆ ఫొటో ముందు ఒక రాత్రి ఉండాల్సిందే. పెట్టేటప్పుడు అనాల్సిన మాట కూడా ఉంది. "అక్కా, ముందు నువ్వు కట్టి విడిచి, తర్వాత నాకియ్యి." పొద్దున్నే లేచి, అక్క విడిచిన ఆ చీరని దుర్గ కట్టుకోవాలి.

మొదటిసారి దుర్గకి ఏమీ అనిపించలేదు. రెండోసారి నవ్వొచ్చింది. ఆ తర్వాత ప్రతిసారీ ఒళ్ళు మండింది. పక్కింటి అర్షియాతో ఒకరోజు అనేసింది కూడా.

"నాకు ఈ ఇంట్లో కొత్తదంటూ ఏదీ లేదే. చీర ఆవిడ విడిచిందే, గాజులు ఆవిడ విడిచినవే. ఆయన కూడా ఆవిడ విడిచిన మనిషే కదా."

"ఊరుకో దుర్గా, అత్తమ్మ వింటుంది" అంది అర్షియా. అర్షియా కూడా ఆ షెడ్డులోనే పనిచేస్తుంది, ప్రసన్న పక్క బల్లమీద అచ్చులు వేసిన మనిషి. అందుకే దుర్గ ఆమె దగ్గర ఎంత వద్దనుకున్నా ప్రసన్న మాటే ఎత్తేది. కురుపు మీద చెయ్యి పోకుండా ఎలా ఉంటుంది మరి.

గణపతి చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికైనా వీలుండేది. తాగడు, చెయ్యెత్తడు, మాటకి ముందు నవ్వుతాడు. ఆదివారం పూట బందరు వెళ్ళి మంచి చేపలు చూసి తెస్తాడు. "కూర బాగుంది దుర్గా" అంటాడు. అన్నీ చేస్తాడు గానీ ఆమెకేసి చూడడు. చూస్తాడు, ఎదురుగా ఉన్న మనిషిని చూసినట్టు చూస్తాడు. పెళ్ళాన్ని చూసే చూపు ఒకటుంటుంది చూడండీ, అది లేదు. ఆ చూపు ఎలా ఉంటుందో దుర్గకి తెలుసు, ఎందుకంటే రోజూ సాయంత్రం అతను స్నానం చేసి వచ్చి, అరమీద ఫొటో పక్కన ఉన్న పాత ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ చూపు చూసేది.

ఆ ఫోను ప్రసన్నది. అద్దం పగిలింది, సిమ్ములేదు. గణపతి దానికి రోజూ ఛార్జింగు పెడతాడు, ఒక్క ఆట కోసం.

ఆట చూడ్డానికి ఏమీ ఉండదు. చిన్న పసుప్పచ్చ పెట్టె ఒకటి దానంతటదే పరిగెడుతుంటుంది, వెనక పాట మోగుతుంటుంది. దారిలో ముళ్ళొస్తాయి, గుంటలొస్తాయి, కదిలే మెట్లొస్తాయి. వేలితో తాకితే పెట్టె గెంతుతుంది. పాటలో దెబ్బ ఎక్కడ పడితే అక్కడ గెంతాలి. రవ్వంత ముందైనా వెనకైనా పెట్టె పగిలిపోయి, పాట మళ్ళీ మొదటికొస్తుంది. మొదటి పాట చిన్నపిల్లలు కూడా దాటతారు. ఏడో పాటకొచ్చేసరికి పెద్దపెద్ద మొనగాళ్ళు ఫోను మంచం మీద విసిరికొడతారు, విసిరికొట్టి మళ్ళీ వాళ్ళే వెళ్ళి తెచ్చుకుంటారు. ఆ పాట పట్టుకుందంటే వదలదు.

ఇంకొకటుంది ఆ ఆటలో. ఆ ఫోనుమీద ఒక పాటని అందరికన్నా దూరం తీసుకెళ్ళినవాళ్ళ పరుగు నీడగా మిగిలిపోతుంది. తర్వాత ఎవరు ఆడినా, ఆ బూడిదరంగు నీడ పక్కనే పరిగెడుతుంది. వాళ్ళు గెంతినచోటే గెంతుతుంది, వాళ్ళు పడినచోటే పడుతుంది. ఎవరైనా దాన్ని దాటి ముందుకెళ్తే పాత నీడ చెరిగిపోయి, వీళ్ళ నీడ దాని జాగాలోకి వస్తుంది.

గణపతి రోజూ ఏడో పాట ఆడేవాడు. రోజూ చివరిదాకా వచ్చి, ఒక ఎర్ర స్తంభం ఇవతల పడిపోయేవాడు. దుర్గ కొన్నాళ్ళు జాలిపడింది. "కొంచెంలో పోయిందండీ" అనేది. అతను "ఆఁ" అని నవ్వి మళ్ళీ మొదలెట్టేవాడు. ఒకరోజు పూలు కడుతూ వెనక నుంచి చూస్తోంది. ఎర్ర స్తంభం వస్తోంది. నీడ పక్కనే ఉంది. గణపతి వేలు అద్దం మీద ఉంది. సరిగ్గా గెంతాల్సినచోట అతను ఆ వేలు పైకెత్తేశాడు.

తప్పలేదు, జారలేదు. కావాలని ఎత్తేశాడు. పెట్టె పగిలిపోయింది. నీడ ఒక్కటే నాలుగు గెంతులు ముందుకి వెళ్ళి, స్తంభానికి తగిలి, అక్కడ పడింది. గణపతి దాన్నే చూస్తున్నాడు.

మర్నాడు అర్షియాని గోడ దగ్గర నిలబెట్టి అడిగింది దుర్గ. అర్షియా కాసేపు అదీ ఇదీ చెప్పి, చివరికి చెప్పేసింది.

"ఆ నీడ ప్రసన్నదే. ఆసుపత్రికి తీసుకెళ్ళే ముందురోజు ఆడింది. ఒళ్ళు కాలిపోతోంది, పడుకోవే అంటే వినలేదు. ఆ స్తంభం దగ్గర పడిపోయి, జ్వరం తగ్గాక దాటేస్తానంది. గణపతి బావ దాటితే అది చెరిగిపోతుంది కదా. అందుకని దాటడు."

దుర్గ ఇంట్లోకొచ్చి అన్నం వార్చింది. గంజి చేతిమీద పడినా తెలియలేదు. పోయిన మనిషి మీద ఈర్ష్యేంటని మీరనొచ్చు. బతికున్న సవతైతే జుట్టు పట్టుకోవచ్చు, తిట్టొచ్చు, ఏడిపించొచ్చు. ఫొటోలో ఉన్నదాన్ని ఏం చేస్తారు? ఆవిడ ముసలిదవ్వదు, లావెక్కదు, కూరలో ఉప్పెక్కువ వెయ్యదు. రోజూ సాయంత్రం ఆవిడ పరిగెడుతుంది, తన మొగుడు పక్కన పరిగెడతాడు. ఆ రోజే నిర్ణయించుకుంది దుర్గ. ఏడో పాట తను దాటుతుంది. ఆ ఫోనులో నీడంటూ ఉంటే తన నీడే ఉంటుంది. అప్పుడైనా ఆయన తనకేసి చూడక ఛస్తాడా అనుకుంది.

అర్షియా చేత తన ఫోనులో ఆ ఆట వేయించుకుంది. "ఏదో పొద్దుపోవడానికిలే" అంది. ఆయన షెడ్డుకి వెళ్ళగానే, అత్తగారు కునుకు తీయగానే మొదలు. ఓ నెల పోయేసరికి మిషను మీద చీర అలాగే ఉండిపోయేది, పొయ్యిమీద పప్పు మాడిపోయేది. "ఏంటమ్మాయ్ ఈ పరధ్యానం" అని అత్తగారు గొణిగేది. దుర్గకి వినపడితే కదా. పచ్చిమిరపకాయలు తరుగుతున్నా పాట, చీపురు పట్టినా పాట, కళ్ళు మూసుకుంటే పసుప్పచ్చ పెట్టె. పడ్డ ప్రతిసారీ ఈ ఒక్కసారే అనుకునేది. ఆ ఒక్కసారికి అంతుండేది కాదు.

ఆరో పాటదాకా వచ్చేసింది. ఏడోది మాత్రం లొంగలేదు. సగానికి వచ్చేసరికి దెబ్బ ఎక్కడ పడుతోందో చెవికి అందేది కాదు. మళ్ళీ అర్షియానే పట్టుకుంది.

"అది చెవితో అందదు" అంది అర్షియా. "ప్రసన్నకి ఎలా అందిందో చెప్పనా? షెడ్డుకొచ్చి విను."

వెళ్ళింది. షెడ్డులో పొడుగాటి బల్లలు, వాటిమీద బట్ట. రంగులో ముంచిన చెక్క అచ్చు బట్టమీద పెట్టి, పైన పిడికిలితో కొడతారు. ఎవరి చేతి దెబ్బ వాళ్ళది. కళ్ళు మూసుకుని విన్నా ఏ బల్ల దగ్గర ఎవరున్నారో అక్కడివాళ్ళు చెప్పేస్తారు. ప్రసన్న నల్లరంగు బల్ల దగ్గర ఉండేదట. రెండుసార్లు పిడికిలితో కొట్టి, చెయ్యి తీసేటప్పుడు ఆమె వెండి ఉంగరం చెక్కకి చిన్నగా తగిలేదట. టప్ టప్... టిక్. షెడ్డంతటికీ ఆ టిక్ తెలుసు. జ్వరంలో వేలు వాచిపోయి ఆ ఉంగరం రాలేదు. దాంతోనే కాష్ఠం మీద పెట్టారు.

"ఏడో పాటకీ అదే దెబ్బ" అంది అర్షియా. "రెండు గెంతులు గట్టిగా, మూడోది ఉందా లేదా అన్నట్టు."

ఇంటికెళ్ళి దుర్గ అలా ఆడి చూసింది. పాట వలిచిపెట్టిన అరటిపండైపోయింది. సంతోషం పట్టలేకపోయింది గానీ, ఆవిడ దెబ్బతోనే ఆవిడని దాటబోతున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

శ్రావణమాసం వచ్చింది. గణపతి కొత్త చీర తెచ్చాడు, ముదురాకుపచ్చ రంగు, సన్నంచు. సత్యవతమ్మ మనవరాలికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే గుడివాడలో కూతురింటికి బయల్దేరింది. బస్సెక్కే ముందు మళ్ళీ చెప్పింది.

"శుక్రవారం పూట కట్టుకోవాలంటే ఇవాళే అక్క ముందు పెట్టు. మర్చిపోకు."

"అలాగే అత్తయ్యా."

బస్సు మలుపు తిరిగిందో లేదో, ఇంటికొచ్చి చీర మడత విప్పింది దుర్గ. ఫొటో ముందు పెట్టలేదు. పసుపు లేదు, కుంకుమ లేదు, ఆ మాట లేదు. అద్దం ముందు నిలబడి తనే ముందు కట్టుకుంది. పెళ్ళయ్యాక మొదటిసారి కొత్త చీర కట్టుకున్నట్టు అనిపించింది. గంజి వాసన, బట్టల కొట్టు వాసన, ఎవరూ ముట్టుకోని వాసన. అలాగే నిలబడి కాసేపు పీల్చుకుంది.

శుక్రవారం అల్పపీడనం. పొద్దున్నుంచీ ముసురు, మధ్యాహ్నానికి కుండపోత. గణపతి సరుకు మూటలతో బందరు వెళ్ళాడు. నాలుగింటికి ఫోను చేసి, "వాన తగ్గగానే బయల్దేరతాను, రోడ్డంతా చినకరగ్రహారం దాకా నీళ్ళే" అన్నాడు. దుర్గ ఆకుపచ్చ చీరలోనే ఉంది. వీధి తలుపు గడియ పెట్టి, అరమీది పాత ఫోను తీసింది. తెరిచే గీత ఆయన గియ్యగా చూసి ఎప్పుడో నేర్చుకుంది. ఫొటోకి ఎదురుగా నేలమీద కూచుంది.

ఏడో పాట మొదలైంది. పక్కన బూడిదరంగు నీడ.

మొదటిసారి గుంట దగ్గరే పడిపోయింది. తర్వాత ముళ్ళ దగ్గర, తర్వాత మెట్ల దగ్గర. వాన రేకుల మీద దంచుతోంది. దుర్గకి వాన లేదు, ఇల్లు లేదు. రెండు గట్టిగా, ఒకటి ఉందా లేదా అన్నట్టు. నీడా తనూ ఒక్కసారే గెంతుతున్నారు, ఒక్కసారే దిగుతున్నారు. ఎర్ర స్తంభం వచ్చింది. గెంతింది.

నీడ స్తంభానికి తగిలి పడిపోయింది. దుర్గ ముందుకెళ్ళింది. అక్కడ దారి వేరేగా ఉంది, ఎవరూ చూడని దారి. ఆరేడు గెంతులు వేసి తనూ పడింది. ఎంతైతేనేం, దాటింది. మళ్ళీ మొదలెట్టి చూస్తే పక్కన పరిగెడుతున్న నీడ తనదే.

పెద్దగా నవ్వింది దుర్గ. నవ్వి, తలెత్తి ఫొటోకేసి చూసింది. ఫొటోలో ఆవిడ ఎప్పటిలాగే ఉంది. అదే కోపం తెప్పించింది. గెలిచినదానికి గెలిచినట్టు లేకుండా చేసే మొహం అది. అప్పుడు చేసింది, చెయ్యకూడని పని. లేచి ఆకుపచ్చ చీర విప్పేసి, ఉండచుట్టి ఫొటో ముందు పడేసింది. ఫోను దానిమీద పెట్టింది. నైటీ తొడుక్కుని వచ్చి నిలబడింది.

"అక్కా" అంది, నెమ్మదిగా, ఎగతాళిగా. "ఈసారి నేను ముందు. ఇది నేను కట్టి విడిచింది, ఇది నేను ఆడి విడిచింది. ఇక నీ వంతు. నేను విడిచినవన్నీ నువ్వే తీసుకో."

వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడుగుతుండగా కరెంటు పోయింది.

వానకి పోవడం మామూలే. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు, కిటికీలో బూడిద వెలుగుంది. కొవ్వొత్తి కోసం తడుముకుంటోంది. హాల్లోంచి పాట వినపడింది.

ఏడో పాట.

ఫోను కదా, దేనికో తగిలి మొదలై ఉంటుంది. ఆటలు ఒక్కోసారి వాటంతటవే మోగుతాయి. అలా అనుకుంటూ నిలబడింది. పాట సాగుతోంది... ముళ్ళ చోటు దాటింది. ఎవరూ ఆడకపోతే పెట్టె మొదటి ముల్లు దగ్గరే పగిలిపోవాలి కదా. మెట్ల చోటు కూడా దాటింది. పగిలిన చప్పుడు. నిశ్శబ్దం. మళ్ళీ మొదటినుంచి పాట.

బియ్యం గిన్నె కింద పెట్టేసింది. అప్పుడొచ్చింది వాసన. బెల్లమూ తుప్పు ఇనుమూ కలిసి పులిసిన వాసన. షెడ్డులో నల్లరంగు కలిపే తొట్టి దగ్గర ఉంటుంది అది. తలుపులేసిన ఇంట్లో, ఇంత వానలో, అది ఎలా వచ్చిందో...

పాటలోంచి ఇంకో చప్పుడు వినపడుతోంది. చెక్కమీద.

టప్ టప్... టిక్.

"ఎవరు?" అంది దుర్గ.

టప్ టప్... టిక్.

వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి తొంగి చూసింది. అర ముందు చీకటి. ఫోను వెలుగు పైకప్పు మీద ఆడుతోంది. అద్దంలో పసుప్పచ్చ పెట్టె పరిగెడుతోంది, పక్కనే బూడిద నీడ, తన నీడ. పెట్టె ఎర్ర స్తంభాన్ని దాటింది. తను పడినచోటికి నాలుగు గెంతుల ఇవతల ఆగి పగిలిపోయింది. మళ్ళీ మొదలైంది. ఈసారి మూడు గెంతుల ఇవతల. ఆ తర్వాత రెండు.

చేతకాక పడుతున్నట్టు లేదు. గణపతి ఎలా పడేవాడో అలా పడుతోంది. వేలు ఎత్తేస్తున్నారు. తనతో ఆడుకుంటున్నారు.

అప్పుడు చూసుకుంది. అరమీద ఫొటో ముందు చీర లేదు.

పరిగెత్తాలి. వీధి తలుపు అటే ఉంది, గోడ అవతలే అర్షియా ఉంది. కాళ్ళు కదపబోయింది... కాళ్ళు కదలవు. ఎందుకు కదలవా అని కిందికి చూసింది. తను గుమ్మం దగ్గర లేదు. ఫొటోకి ఎదురుగా నేలమీద కూచుని ఉంది. ఒంటిమీద నైటీ లేదు. ఆకుపచ్చ చీర ఉంది. దుర్గ ఎప్పుడూ చెంగు బొడ్లో దోపుకోదు. ఇది దోపి ఉంది, బల్ల దగ్గర పనిచేసేవాళ్ళు దోపుకున్నట్టు.

ఎడం చేతిలో ఫోను, బొటనవేలు అద్దం మీద. కుడి చెయ్యి అర కింది చెక్క మీద.

ఆ చెయ్యే కొడుతోంది.

ఆపాలనుకుంది. అది తన చెయ్యే, చిటికెన వేలిమీద గంజి కాలిన మచ్చ కూడా తనదే. ఆపమని చెప్పింది. చెయ్యి ఆగలేదు, రెండు దెబ్బలు కొట్టి, నిదానంగా వెళ్ళి, అద్దం మీద ఆట ఆపింది. పెట్టె గాల్లో నిలిచిపోయింది. తను పడినచోటికి ఒక్క గెంతు ఇవతల.

బయట బండి ఆగిన చప్పుడు. గణపతి.

ప్రాణం లేచొచ్చింది దుర్గకి. ఆయన చూస్తే చాలు. ఏదో అయిందని తెలిసిపోతుంది, భుజం పట్టుకుని కుదిపేస్తాడు, అర్షియాని పిలుస్తాడు. అతను వెనక తలుపు తోసుకుని వచ్చాడు, తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. "దుర్గా, కరెంటు ఎప్పుడు పో..." అంటూ ఆగిపోయాడు.

ఫోను వెలుగు ఆమె మొహం మీద ఉంది. చెక్కమీద ఆమె చెయ్యి ఉంది. అతను చాలాసేపు చూశాడు. చూస్తుండగా అతని మొహం మారింది. అదిగో, ఆ చూపు. రెండేళ్ళుగా దుర్గ దేనికోసం చీర కట్టిందో, దేనికోసం పూలు పెట్టిందో, దేనికోసం పప్పు మాడబెట్టుకుని ఆ పాట నేర్చుకుందో, ఆ చూపు. తన మొహం మీదే ఉంది. నిండుగా ఉంది. అందులో తనకి ఒక్క ముక్క కూడా లేదు.

"ప్రసన్నా" అన్నాడు, గుసగుసగా.

నేను దుర్గనండీ. గొంతుదాకా వచ్చింది ఆ మాట. నోరు తెరుచుకుంది.

"వచ్చావా బావా" అంది ఆ నోరు. "తడిసిపోయావు, ఇలా రా."

అతను భయపడలేదు. భయపడి వెనక్కి పోతాడని ఎదురుచూసింది దుర్గ, పోలేదు. వచ్చి పక్కన కూచున్నాడు. తడి చొక్కా ఆమె భుజానికి తగిలింది. ఇంత దగ్గరగా ఎప్పుడూ కూచోలేదు. ఏడుపొచ్చింది దుర్గకి. ఏడవడానికి కళ్ళు తనవి కావు.

అతను ఫోనుకేసి చూశాడు. ఆగిన పెట్టె, దాని పక్కన నీడ.

"ఈ నీడెవరిది?"

"ఆ పిల్లది. నన్ను దాటేసింది బావా." చిన్నగా నవ్వు. దుర్గ అలా నవ్వదు. "ఒక్క గెంతు వేస్తే నేను దాటేస్తాను. అది చెరిగిపోతుంది." కాస్త ఆగి, అడిగింది. "వెయ్యనా?"

వద్దనండి. దుర్గ లోపలెక్కడో నిలబడి అరుస్తోంది. రోజూ ఆవిడకోసం వేలు ఎత్తేసేవారు కదండీ. చెరిగిపోతుందని ఆగేవారు కదండీ. నేను మీకు అన్నం పెట్టాను, మీ అమ్మకి కాళ్ళు పట్టాను. నాకోసం ఒక్కసారి... ఒక్కసారి వద్దనండి.

గణపతి వాన చప్పుడు వింటూ కూచున్నాడు. అరమీద ఫొటో ముందు, కొత్త చీర పెట్టే ఖాళీ జాగాకేసి చూశాడు. ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. తెలిసింది అతనికి. ఏం అడుగుతోందో, ఎవరి గురించి అడుగుతోందో అంతా తెలిసింది. దుర్గ ఆ మొహాన్ని అంత దగ్గరనుంచి చూస్తోంది కాబట్టి ఆమెకి అర్థమైంది.

"నీ ఇష్టం" అన్నాడు.

పాట అందుకుంది. పక్కన బూడిదరంగు నీడ కదిలింది. ఆకుపచ్చ చీర చెంగు సర్దుకుని, కుడి చెయ్యి అరచెక్క మీదికి వెళ్ళింది.

టప్ టప్... టిక్.

ఆ వేలికి ఉంగరం లేదు.